మంత్రిగారి రెండో కారు

మంత్రిగా ఉన్న రోజుల్లో సత్యనారాయణమూర్తికి రెండు కార్లు ఉండేవి. ముందొక పోలీసు జీపు, వెనకొక పోలీసు జీపు పెట్టుకుని శంకుస్థాపనలకూ, పరామర్శలకూ, సచివాలయానికీ వెళ్లేది ప్రభుత్వం కారు. దానికి డ్రైవరునూ ప్రభుత్వమే ఇచ్చింది. రెండోది ఆయన సొంత కారు. దానికి సైరను లేదు, జెండా లేదు, ముందూ వెనకా ఎవరూ ఉండరు. దాన్ని నడిపినవాడు శాంతయ్య. మొదటి కారు ఎక్కడికి వెళ్లిందో మర్నాడు పేపర్లో ఫొటోతో సహా వచ్చేది. రెండో కారు ఎక్కడికి వెళ్లిందో శాంతయ్య తన భార్య మరియమ్మకు కూడా చెప్పేవాడు కాదు.

"ఇయ్యాల యాడికి పోయిన్రు?" అని ఆమె అన్నం వడ్డిస్తూ అడిగేది.

"తిరిగినం."

"యాడ?"

"రోడ్డు మీద."

"రోడ్డు మీద తిరగనీకి మంత్రెందుకు, ఆర్టీసీ కండక్టరు చాలడా?" అనేది మరియమ్మ. నవ్వేది మాత్రం కాదు.

శాంతయ్యది జనగామ దిక్కు పల్లె. పెళ్లయిన కొత్తలో నాచారం వచ్చి, పారిశ్రామికవాడలోని కేబుల్ ఫ్యాక్టరీలో చేరాడు. రాగితీగకు ప్లాస్టిక్ తొడుగు వేసే యంత్రానికి ఆ చివర అతనూ ఈ చివర పోశయ్యా నిలబడేవారు. పోశయ్యది సిద్దిపేట దిక్కు. ఒకరు ఆదివారం చర్చికి పోయేవారు, ఇంకొకరు ఆషాఢంలో పోచమ్మకు బోనం ఎత్తించేవారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే మాత్రం ఎవరి కూర ఎవరిదో తెలిసేది కాదు. ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు. ఆ పిలుపుకు చుట్టరికం అక్కర్లేకపోయింది.

శాంతయ్య డ్రైవింగు నేర్చుకున్నది ఆ ఫ్యాక్టరీ వ్యాను మీదే. నేర్చుకున్న ఏడాదే ఒక పొద్దున గేటుకు తాళం పడింది. లోపల యంత్రాలు, బయట మనుషులు. ఎదురుగా సత్యనారాయణమూర్తి అనే యువకుడు లారీ బుకింగు ఆఫీసు నడుపుతుండేవాడు. ఆయనే కార్మికులకు షామియానా వేయించాడు, చాయ్ పోయించాడు, ఒక ఖాళీ డ్రమ్ము మీదికెక్కి మాట్లాడాడు. "ఈ ఫ్యాక్టరీ మళ్ల తెరిచేదాకా ఈ జాగల ఇంకో ఇటుక పడనియ్య. తెరిచిననాడు మొదలు లోపలికి పొయ్యేది మీరే" అన్నాడు. ఆ మాట మీద కార్పొరేటరు అయ్యాడు, పని పోయిన శాంతయ్యను తన సొంత కారుకు డ్రైవరుగా పెట్టుకున్నాడు. తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు. తర్వాత మంత్రి అయ్యాడు.

ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. అడిగినవాళ్లకు "కోర్టుల ఉంది" అని జవాబు వచ్చేది. కోర్టులో ఉందన్న మాట ఈ దేశంలో ఎన్ని నోళ్లు మూయించిందో లెక్కలేదు. ఏ కోర్టు, ఏ కేసు, వాది ఎవరు, ప్రతివాది ఎవరు అని అడగాలన్న సంగతి కార్మికులకు తోచలేదు. తోచేలా చెప్పవలసినవాడు మూర్తి ఒక్కడే. కొన్నాళ్లకు బొంబాయి సేట్లు వేలంలో కొన్నారట అని ఒక మాట పుట్టింది. తర్వాత పాత షెడ్లు కూలగొట్టి పెద్ద పెద్ద గోదాములు కట్టారు. బొంబాయి సేట్లను చూసినవాడు నాచారంలో ఒక్కడూ లేడు. ఉన్నారని నమ్మనివాడూ ఒక్కడు లేడు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మూర్తి దాఖలు చేసిన అఫిడవిట్టులో వ్యాపారాల దగ్గర "లేవు" అనే ఉండేది. సభల్లో కూడా అదే చెప్పేవాడు. "బుకింగాఫీసు గూడ ఎన్నడో మూసిన. నా ఆస్తి మీరే" అని చేతులు జోడించేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. కారు దగ్గర నిలబడి శాంతయ్య కూడా కొట్టేవాడు.

ఆ చప్పట్లకూ, రెండో కారు తిరిగిన చోట్లకూ పొంతన లేదన్న సంగతి అతనికి చాలాకాలం తట్టలేదు. ఉప్పల్‌లో ఫంక్షను హాలుకు పెళ్లికని వెళితే, పెళ్లికొడుకును చూడకుండా వెనక గదిలో కూర్చుని వచ్చేవారు. ఘట్‌కేసర్ దాటి ఒక తోటకు వెళితే, పేరు లేని గేటు హారను కొట్టకముందే తెరుచుకునేది. రిజిస్ట్రారు ఆఫీసు ముందు భోజనాల వేళ ఆగితే, సారు దిగేవాడు కాదు. లోపలినుంచి ఎవరో వచ్చి కారులో కూర్చునేవారు. అప్పుడు శాంతయ్య దిగి చెట్టు నీడకు పోవాలి. ఫోన్లో మూర్తి పేర్లు పలికేవాడు కాదు. "అది అయిందా? ఆయన ఒప్పుకున్నడా? అయితే ఇవతలిది గూడ కానియ్యుండ్రి" అనేవాడు. అది ఏదో, ఆయన ఎవరో, ఇవతలిది ఎటువైపుదో శాంతయ్య అడగలేదు. ఉప్పు తిన్న ఇంటి గుట్టు అడగకపోవడమే నమ్మకమని అతని లెక్క. నమ్మకమన్నది ఇద్దరికీ ఉండవలసిన గుణమని అతనికెవరూ చెప్పలేదు.

మొన్నటి ఎన్నికల్లో మూర్తి ఓడిపోయాడు. పోలీసు జీపులు వెళ్లిపోయాయి. ప్రభుత్వం కారు వెళ్లిపోయింది. ఏఎస్ రావు నగర్ ఇంట్లో వంటవాళ్లనూ, తోటమాలినీ, ఇద్దరు కాపలావాళ్లనూ మాన్పించారు. మరియమ్మ అప్పుడు మొక్కుకుంది: తన పెనిమిటి పని పోకుండా ఉంటే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టిస్తానని.

పని పోలేదు సరికదా, మెరుగుపడింది. మూర్తి దగ్గర పీఏగా ఉన్న తిరుపతి ఒకరోజు శాంతయ్యను పక్కకు పిలిచి, "అన్నా, నీ ఆధార్, పాన్ కార్డు, నాలుగు ఫొటోలు తీస్కరా. సారు నీకొక దారి జూపిస్తున్నడు" అన్నాడు. తెచ్చాడు. ఫోనుకు ఏవో అంకెలు వచ్చాయి, చదవమంటే చదివాడు. సంతకం పెట్టమన్న ప్రతిచోటా పెట్టాడు. "ఇగ నువ్వు డ్రైవర్‌వు కాదన్నా, కల్పధార వేర్‌హౌసింగుల డైరెక్టర్‌వు. కంపెనీ నుంచి నెలనెల జీతమొస్తది. పొద్దుగాల బండి మాత్రం నువ్వే తియ్యాలె" అని నవ్వాడు తిరుపతి. "గిది ఎవ్వరికి జెప్పకు. తీసేసినోళ్లు మస్తు మంది ఉన్నరు, కడుపుల మంట."

ఉండటానికి దమ్మాయిగూడలో సారు కొత్తగా కట్టించిన బిల్డింగు వెనక రెండు గదులు ఇచ్చారు. కిరాయి లేదు.

శాంతయ్య మరియమ్మకు చెప్పాడు. ఆమె సంతోషించి, ఆ వెంటనే అనుమానపడింది. "ఇంగ్లీషు సదవనోన్ని డైరెక్టర్ జేసుడేంది?" అంది.

"నమ్మకం మీద జేసిండు."

"గంత నమ్మకముంటే కొడుకును జేసుకోవచ్చు గద. బిడ్డను జేసుకోవచ్చు గద."

ఈ ప్రశ్న ఏ న్యాయవాది అయినా అడగవలసిన మొదటి ప్రశ్న. అడిగినది మరియమ్మ. శాంతయ్య లేచి చొక్కా మార్చుకున్నాడు.

అయినా మొక్కు మొక్కే. ఒక శనివారం సాయంత్రం కృతజ్ఞత కూడిక పెట్టారు. ఇంటి ముందు చిన్న షామియానా, అద్దె కుర్చీలు, బగారన్నం, కోడికూర. పాస్టరు క్రిస్టోఫర్ కాప్రా నుంచి వచ్చాడు. సంఘంవాళ్లూ ఇరుగుపొరుగూ వచ్చారు. పోశయ్య డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చాడు. వెంట భార్య దుర్గమ్మ. పాత ఫ్యాక్టరీ జాగాలో కట్టిన గోదాముల దగ్గరే అతను కిందటి వానాకాలం నుంచి గేటు కాస్తున్నాడు. ఒకప్పుడు లోపల యంత్రం నడిపిన చోట ఇప్పుడు బయట సలాం కొడుతున్నానని తనమీద తానే జోకు వేసుకునేవాడు.

కృతజ్ఞత కూడికకు ఒక కట్టుబాటు ఉంది. పాటలయ్యాక, బైబిలు వాక్యమయ్యాక, ఇంటి యజమాని లేచి నిలబడి దేవుడు తనకు చేసిన మేలేమిటో సొంత నోటితో చెప్పాలి. మేలు పేరు చెప్పకుండా కృతజ్ఞత చెల్లదు. ఎవ్వరికీ చెప్పొద్దన్న తిరుపతి మాట శాంతయ్యకు గుర్తులేక కాదు. మనుషులకు చెప్పొద్దన్నాడు, ఇది దేవుడికి చెప్పేది, నలుగురు విన్నా అది వాళ్లకు చెప్పినట్టు కాదు అని అతను నిజంగానే అనుకున్నాడు. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నా యజమాని ఓడిపోయినా నన్ను ఇడువలేదు. తన కల్పధార కంపెనీల నన్ను డైరెక్టర్ జేసిండు. నా మీద సూపిన దయకు దేవునికి స్తోత్రం" అన్నాడు.

అందరూ స్తోత్రమన్నారు. పోశయ్య అనలేదు. తల వంచి తన చొక్కా జేబు వంక చూసుకున్నాడు. అక్కడ ఎర్ర దారంతో కుట్టి ఉంది: కల్పధార వేర్‌హౌసింగ్.

అన్నాల దగ్గర పోశయ్య విస్తరి పట్టుకుని శాంతయ్య పక్కకు వచ్చాడు.

"ఏం బావా, నాకు జీతమిచ్చేది నువ్వేనా? ఒకటో తారీఖు ఇయ్యకుంట పదికి ఇస్తున్నవ్, జర సూస్కో."

శాంతయ్యకు అర్థం కాలేదు. పోశయ్య జేబు చూపించాడు. "మా గేటు మీద గింత పెద్ద బోర్డుంది. సదువుకున్నోళ్లు జెప్పిన్రు నాకు. బొంబాయి సేట్లది అనుకుంటున్నం ఇన్నొద్దులు. సారుదా?"

"నాకు తెల్వది బావా."

"తన కంపెనీ అని నువ్వే అంటివి గద. పాస్టరు ముందర అంటివి."

"అన్న."

"మరి గది మన ఫ్యాక్టరీ జాగ." పోశయ్య గొంతులో జోకు పోయింది. "డ్రమ్ము మీదికెక్కి ఇటుక పడనియ్య అన్న జాగ. ఇప్పుడు దాని మీద ఎవరి పేరుందో తెలుసా? నీది."

దుర్గమ్మ కూర వేయించుకోమని పిలుస్తోంది. పోశయ్య తినకుండానే విస్తరి మడిచాడు.

ఆ రాత్రి నుంచి శాంతయ్యకు తాను తిరిగిన రోడ్లన్నీ వేరేలా కనిపించాయి. చెట్టు నీడలో నిలబడి తాను ఎదురుచూసిన ప్రతి మధ్యాహ్నం ఎవరి ఆస్తి ఎవరి పేరుకు మారిందో అని అనుమానం. గేటు దగ్గర ప్రసంగం అయిన రోజు సాయంత్రమే మూర్తి ఫ్యాక్టరీ మేనేజరు స్కూటరు మీద ఎక్కి వెళ్లడం తాను చూశాడా, లేక ఇప్పుడు కల్పించుకుంటున్నాడా? తేల్చుకోలేకపోయాడు. అనుమానానికి ఇదొక గుణం. నిజాన్ని పట్టిస్తుంది, దానితో పాటు నిజం కానిదాన్నీ లాక్కొస్తుంది.

పోశయ్య ఊరుకోలేదు. పాత కార్మికుల్లో బతికున్నవాళ్లంతా కూడి, ఉప్పల్‌లో పారిశ్రామిక భూముల మీద విచారణ జరుపుతున్న అధికారికి ఫిర్యాదు చేశారు: కల్పధార డైరెక్టరు మాజీ మంత్రి కారు డ్రైవరే, అడిగి చూడండని. వారం తిరక్కుండా శాంతయ్యకు పిలుపు వచ్చింది. ఆ పిలుపు వచ్చిన సాయంత్రమే తిరుపతి దమ్మాయిగూడ గదుల ముందు బైకు ఆపాడు.

"ఎవ్వరికి జెప్పద్దంటే షామియానా ఏసి జెప్తివి గదన్నా."

"దేవునికి జెప్పిన."

"దేవుడు పోయి కంప్లయింట్ ఇచ్చిండా మరి?" తిరుపతి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే, అయింది. ఇప్పుడు నేను జెప్పేది ఇను. ఆఫీసరు అడిగితే కంపెనీ నాదే అను. ఆ జాగ కంపెనీ పేరు మీద నేనే కొన్న అను. సారుకు ఏ సంబంధం లేదు, పాత పరిచయం మీద బండి తీస్తున్న అను. గంతే."

"నేనెట్ల కొంట తిరుపతీ? ఎవరన్న నమ్ముతరా?"

"నమ్ముడు వాళ్ల పని కాదు. రాసుకునుడు వాళ్ల పని. మిగతాది మన వకీలు సూస్కుంటడు."

తలుపు చాటున ఉల్లిగడ్డలు కోస్తున్న మరియమ్మ తల ఎత్తలేదు. "జైలుకు గూడ మన వకీలే పోతడా?" అంది.

"జైలేందక్కా, గట్ల మాట్లాడుతున్నవ్. సారు ఉన్నడు గద."

"సారు యాడున్నడు? కంపెనీల లేడంటివి, జాగల లేడంటివి. లేనోడు రేపు మాకు యాడ దొరుకుతడు?"

తిరుపతి లేచి, వెళ్లేముందు గది గోడల్ని, పైకప్పును నిదానంగా చూశాడు. "మంచిగున్నయి రూములు. గాలి మంచిగొస్తది" అన్నాడు. ఆ మాటలో బెదిరింపు అని పట్టి చూపదగ్గ పదం ఒక్కటీ లేదు.

చట్టం శాంతయ్య లాంటివాణ్ని అడిగే ప్రశ్న చాలా చిన్నది: సంతకం నీదేనా? అవునంటే ఆ తర్వాత భారమంతా అతనిదే. తెలియక పెట్టాననడం బలమైన సమాధానం కాదు. తెలిసినవాడు ఎవరో, పెట్టించినవాడు ఎవరో చెప్పి, దానికి నిలబడితేనే అతనికి ఒక దారి ఉంటుంది. మూర్తికి ఇది తెలుసు. అందుకే ఆయనకు కావలసింది శాంతయ్య మౌనం కాదు. ఒకే ఒక్క వాక్యం, కంపెనీ నాదే అని. ఆ వాక్యం చెబితే గదులు ఉంటాయి, జీతం ఉంటుంది, పోశయ్య ఉండడు, రేపెప్పుడో స్వేచ్ఛ కూడా ఉండకపోవచ్చు. చెప్పకపోతే తలమీద కప్పు పోతుంది.

"ఇల్లడిగితే ఇచ్చేద్దాం" అంది మరియమ్మ పడుకోబోతూ. "చర్చి వెనక రేకుల గది ఉంది, పాస్టరయ్యను అడుగుత. నీ పేరడిగితే ఎట్లిస్తవ్? ఇంకొకటి తెచ్చుకుంటవా?"

నిజానికి శాంతయ్య ఇంకా తేల్చుకోలేదు. ఇరవయ్యేళ్లకు పైగా ఒక మనిషి వెనక సీట్లో కూర్చుని పిలిచిన పిలుపుకు పలికినవాడు, ఒక రాత్రిలో పలకడం మానడు.

విచారణ రోజున మూర్తి తానే కబురు పెట్టాడు: బండి తీసుకురా, కలిసి పోదామని. ఏఎస్ రావు నగర్ ఇంటి ముందు వెనక తలుపు తీసి నిలబడితే, మూర్తి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఓడిపోయాక ఆయన కొంచెం చిక్కాడు. తెల్ల చొక్కా మాత్రం ఎప్పటిలాగే గంజి పెట్టి ఉంది.

"నేను ఆఫీసు లోపలికి రాను. ఉప్పల్‌ల పక్క సందుల బండ్లనే కూసుంట. నువ్వు పోయి, జెప్పి, రా. భయపడకు."

"భయం కాదు సార్."

కారు మల్లాపూర్ దాటింది. మూర్తి కిటికీలోంచి చూస్తూ మామూలుగా మాట్లాడాడు. మరియమ్మ ఆరోగ్యం అడిగాడు. తర్వాత, "పోశయ్యకు ఆ గేటు నౌకరి ఎవరిప్పిచ్చిన్రో తెలుసా? నేనే. పాతోళ్లు బాధపడుతున్నరంటే ఫోను జేసి జెప్పిన. మనోడే గదని" అన్నాడు.

శాంతయ్య అద్దంలో ఆయన ముఖం చూశాడు. బొంబాయి సేట్ల గోదాములో నౌకరీ ఇప్పించడానికి ఎవరికి ఫోను చేశాడు? అడగలేదు. అడిగింది ఇంకొకటి.

"సార్, గేటు కాడ డ్రమ్ము మీదికెక్కి మాట్లాడినప్పుడు, ఫ్యాక్టరీ మళ్ల తెరువరని మీకు తెలుసా?"

మూర్తి ఫోను తీసి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "తెలిసిందల్ల జెప్పుకుంట పోతే రాజకీయం నడువది శాంతయ్యా. నువ్వు గూడ ఆ గేటు కాడనే ఉండేటోనివి. ఇంత దూరం వచ్చేటోనివా?"

తెలుసు అనలేదు. తెలియదు అనలేదు. ఆ జవాబులో ఉపకారం మాత్రం లెక్కకట్టి ఉంది.

హబ్సిగూడ వైపు నేరుగా పోవలసిన కారును శాంతయ్య నాచారంలో పారిశ్రామికవాడ లోపలికి తిప్పాడు.

"ఇటెందుకు?"

"ట్రాఫిక్ సార్."

రెండో కారు ఇన్నేళ్లలో శాంతయ్య అనుకున్న చోటికి వెళ్లడం అదే మొదలు. ఆయన మరో మాట అనేలోపే అది పాత కేబుల్ ఫ్యాక్టరీ గేటు ముందు ఆగింది. గేటు పైన కల్పధార బోర్డు. కింద యూనిఫాంలో పోశయ్య. కారును చూసి పోశయ్య సలాం కొట్టలేదు. నంబరు వంకా, డ్రైవరు సీటులో ఉన్నవాడి వంకా చూసి అలాగే నిలబడ్డాడు. ట్రక్కు దగ్గర హమాలీలు కూడా చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరు పాత కార్మికులు.

"ఇక్కడెందుకు ఆపినవ్? పోనియ్యి" అన్నాడు మూర్తి.

అప్పటికే లోపలి గదిలోంచి మేనేజరు సురేష్ పరుగెత్తుకొస్తున్నాడు. నడుము వంచి, డ్రైవరు కిటికీ దాటి, నేరుగా వెనక అద్దం దగ్గరికి పోయాడు.

"నమస్తే సార్. వస్తున్నరని జెప్తే నేనే గేటు కాడ ఉండేటోన్ని గద. రెండో గోదాము రేకులు మార్పిచ్చినం, సూస్తరా సార్?" అని, ఇటు తిరిగి, "డ్రైవరన్నా, బండి జర పక్కకు పెట్టు. లారీ వస్తున్నది" అన్నాడు.

పోశయ్య ముందుకు వచ్చాడు. "సురేష్ సారు, గట్లంటరేంది? ఆయన మన డైరెక్టరు."

"ఏ డైరెక్టరు?"

"గీ కంపెనీకే. మీకు జీతమిచ్చేటాయన. నమస్తే పెట్టుండ్రి."

సురేష్ శాంతయ్యను చూసి, వెనక అద్దం వైపు చూసి, ఏది తప్పో తెలియక నవ్వబోయి ఆగాడు. హమాలీల్లోంచి ఎవరో పెద్దగా నవ్వారు. అద్దం పైకి లేచింది.

శాంతయ్య ఇంజను ఆపలేదు. ఏసీ కట్టేయలేదు. బ్రేకు వేసి, తలుపు తీసి దిగాడు.

"శాంతయ్యా" అన్నాడు లోపలినుంచి మూర్తి. ఆ గొంతు పెద్దది కాలేదు. "ఇంటికాడ మరియమ్మ ఒక్కతే ఉంది గద."

"లేదు సార్. పొద్దుగాలనే పాస్టరు వచ్చి సామాను తీస్కపోయిండు. తాళంచెవి తిరుపతికి పంపుతం" అన్నాడు శాంతయ్య. ఆ సామాను తరలింపు మరియమ్మ నిర్ణయం. దానికి అతను ఒప్పుకున్నది ఈ క్షణంలో.

పోశయ్య గేటు తాళాలు సురేష్ చేతిలో పెట్టాడు. డ్యూటీ ఇంకా సగం కాలేదని సురేష్ ఏదో అనబోతే, "పదికి ఇచ్చే జీతానికి గింత డ్యూటీ చాలు సారు" అన్నాడు. ఇద్దరూ మెయిన్ రోడ్డు దాకా నడిచి ఉప్పల్ ఆటో ఎక్కారు. హబ్సిగూడ దగ్గర పోశయ్య, "ఏసీ అలవాటైంది, చెమట పడుతున్నదా బావా?" అన్నాడు. శాంతయ్య ముఖం తుడుచుకున్నాడు.

విచారణాధికారి నలభై దాటిన మనిషి. మర్యాదగా కూర్చోమన్నాడు. పోశయ్యను బయట ఉండమన్నాడు; ఫిర్యాదుదారుల్లో తానూ ఒకణ్నని పోశయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. శాంతయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఆధార్ ఎవరు అడిగారో, సంతకాలు ఎక్కడ పెట్టించారో, ఇందాక గేటు దగ్గర మేనేజరు ఎవరికి నమస్కారం పెట్టాడో, ఎవరిని బండి తీయమన్నాడో. అధికారి రాసుకుంటున్నాడు.

మధ్యలో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆఁ సార్. ఇక్కడే ఉన్నాడు సార్. సరే సార్." అంతే మాట్లాడాడు. కూర్చుని పెన్ను మూత పెట్టాడు.

"ఈ రోజుకు ఇది చాలు. ఇక్కడ సంతకం పెట్టి వెళ్లండి. అవసరమైతే మళ్లీ పిలుస్తాం."

ఫోను వస్తే కూర్చున్నవాళ్లు లేచి నిలబడటం శాంతయ్య ఎన్ని గుమ్మాల్లోంచి చూశాడో. అవతలి గొంతు ఎవరిదో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. అతను కాగితాన్ని తన వైపు లాక్కోలేదు. పెన్నూ తీసుకోలేదు.

"రాసింది ఒకసారి సదివి ఇనిపియ్యుండ్రి సార్."

"మీరు చెప్పిందే రాశాను."

"గందుకే ఇంట అంటున్న సార్."

అధికారి చదివాడు. కల్పధార వేర్‌హౌసింగ్‌లో డైరెక్టర్‌ను నేనే. సంబంధిత పత్రాలపై ఉన్న సంతకాలు నావే. ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్వకంగా చేశాను. తర్వాత రెండు పంక్తుల్లో జీతం సంగతి. అక్కడితో అయిపోయింది. మూర్తి పేరు లేదు, తిరుపతి పేరు లేదు, గేటు లేదు.

ఫోను రాకముందే అలా రాశాడా, వచ్చాకే ఆపాడా? శాంతయ్య ఆ మనిషి ముఖంలో వెతికాడు. ఏమీ దొరకలేదు.

"ఇష్టంగనే జేసిన సార్, అబద్ధం లేదు" అన్నాడు. "ఎవలు జెయ్యమంటే జేసిన్నో గది గూడ రాయుండ్రి. రాస్తే సంతకం పెడ్త."

"అది మీ ఆరోపణ. ఆధారం కావాలి. రేపు రండి, చూద్దాం."

"రేపు వస్తే ఈ కాగితం ఉంటదా సార్? మీరుంటరా?"

అధికారి గుమ్మం వైపు చూశాడు, పోశయ్యను తీసుకెళ్లడానికి ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు. ఎవరూ లేరు. పోశయ్య లోపలికి వచ్చి, గోడ పక్కన ఉన్న ఖాళీ కుర్చీని చప్పుడు చేస్తూ లాక్కుని శాంతయ్య పక్కన వేసుకుని కూర్చున్నాడు. చొక్కా జేబు మీద ఎర్ర దారం అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"మాకు డ్యూటీ లేదు సార్" అన్నాడు. "కూసుంటం."

ఫోను మళ్లీ మోగింది. ఈసారి అధికారి దాన్ని చూస్తూ కొంచెంసేపు ఎత్తలేదు. శాంతయ్య మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.